క్షేమం రాయని తొమ్మిది కార్డులు

పోయిన వారం ఈ కథను లారీ వచ్చిన చోట ఆపాను. బెంగళూరులో ఇళ్ళ కట్టుబడి పనికి పోయిన మా ఊరివాళ్ళు ముప్పై మంది దాకా, పండగ కాదు పబ్బం కాదు, మంగళవారం పొద్దున తొమ్మిదింటికి బడి ముందర లారీలోంచి ఏడుస్తూ దిగారు. గుండెలు బాదుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు పరుగెత్తారు. తీరా చూస్తే ఏ ఇంట్లోనూ చచ్చినవాళ్ళు లేరు. వీరేష్ తల్లి చిన్నక్క అరుగు మీద కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ ఉంది. కొడుకు వచ్చి కాళ్ళ మీద పడి ఏడుస్తుంటే, "ఏమైందిరా నాయనా, మేస్త్రీ కొట్టినాడా?" అని అడిగింది.

నేను మాత్రం లారీ వెనక తలుపు దగ్గరే నిలబడిపోయాను. దిగినవాళ్ళలో నా కొడుకు తేజ లేడు.

ఈ కథ కొత్తగా చదివేవాళ్ళకు నా సంగతి రెండు మాటలు. నా పేరు కదిరమ్మ. పామిడికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరి బడిలో విద్యా వాలంటీరును. పదో తరగతి పాసయ్యాను, అంతే నా చదువు. తెలుగు అయ్యవారి పోస్టు ఖాళీగా ఉండడంతో ఆరు, ఏడు తరగతుల తెలుగు కూడా నా మెడకే పడింది. మా ఆయన ఓబులేసు నాలుగేళ్ళ కింద చేనులో పాము కరిచి పోయాడు. ఉన్నది ఇద్దరు పిల్లలు. తేజకు పంతొమ్మిది, బెంగళూరులో పని. రేఖ ఏడో తరగతి, నా దగ్గరే చదువుతుంది. ఆయన పోయినప్పటి నుంచి నాకు భయం ఒక జబ్బులాగా పట్టుకుంది. బస్సు పావుగంట ఆలస్యమైతే నా కళ్ళకు అది బోల్తా పడి కనిపిస్తుంది. తేజకు దగ్గు వస్తే ఆస్పత్రి గేటు కనిపిస్తుంది. అలాంటిదాన్ని, లారీలో కొడుకు లేకపోతే ఎలా ఉంటానో మీరే అనుకోండి.

"పిల్లల్ని లోపల కూర్చోబెట్టు కదిరమ్మా. నేను కనుక్కుంటా," అన్నారు మా హెడ్మాస్టరు శ్రీరంగప్ప సార్.

కూర్చోబెట్టాను. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పురికొస కట్టి ఉంది. పాత క్యాలెండర్లు కత్తిరించి నేను రాసిన చీటీలు దానికి వేలాడుతున్నాయి. ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు. ఒక్కో చీటీ కింద పిల్లలు తమ సొంత మాట ఒకటి తగిలించి వాక్యం కట్టాలి. పోయిన ఏడాది నుంచి రెండు తరగతులకూ కలిపి ఇదే మా పని. పనిని చెప్పే మాట చివరికి వస్తుందని, అది రాకపోతే విన్నవాడికి ఏమీ తెలియదని చెప్పడానికి ఒక ఆట పెట్టేదాన్ని. "మన ఎర్రావు నిన్న పొద్దున సంతలో" అని ఆపేసేదాన్ని. "తప్పిపోయింది," "అమ్ముడు పోయింది," "పొడిచింది," అని పిల్లలు ఎగబడి ముగించేవాళ్ళు.

ఇదంతా ఎందుకు పెట్టుకున్నానంటే, నేను వచ్చినప్పుడు ఏడో తరగతి పిల్లలకు ఒక్క వాక్యం సొంతంగా రాయడం రాదు. నాయనకు ఉత్తరం రాయండి అంటే కార్డు నిండిపోయేది. పైన శ్రీ. కింద నమస్కారాలు. "ఇచ్చట మేమందరమూ క్షేమము, అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాము." ఆ తర్వాత "ఇట్లు". మధ్యలో ఏమీ లేదు. ఇంటి గోడ కూలి అవ్వ కాలు విరిగిన పిల్ల కూడా క్షేమమనే రాసింది. అందుకే ఈసారి కార్డులు పంచినప్పుడు గట్టిగా చెప్పాను. శ్రీ వద్దు, నమస్కారం వద్దు, క్షేమం అసలే వద్దు. ఒక్క వాక్యం. మీరు చూసింది, మీ మాటల్లో.

శ్రీరంగప్ప సార్ అప్పుడే అన్నారు. "పైన శ్రీ ఒక్కటన్నా పెట్టించు కదిరమ్మా. మనోళ్ళు ముందు దాన్నే చూస్తారు."

"అది పెట్టిస్తే వెనకాలే క్షేమం కూడా వస్తాది సార్," అని నవ్వేశాను. అన్నిటికీ భయపడే నేను, భయపడాల్సిన చోట నవ్వాను.

వీరేష్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. జుట్టు నిండా సిమెంటు దుమ్ము. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. అతని వెనక వరండాలో పదిమంది దాకా చేరారు.

"కదిరక్కా, మా పిల్లోళ్ళకు ఏం చదువు చెప్తాండావు నువ్వు?"

"మా తేజ యాడ వీరేషూ?"

"చెప్తా. ముందు నువ్వు చెప్పు. కార్డు మీద శ్రీ యాడ? క్షేమం యాడ?"

నాకు అప్పటికింకా తెలియలేదు. ఒక్క క్షణం తర్వాత తెలిసింది.

మా వైపు చావు కబురు రాసే ఉత్తరానికి శ్రీ పెట్టరు. క్షేమం రాయరు. అలాంటి ఉత్తరం చేతికొస్తే గడప దాటించరు. లోపల ఎవరి పేరు ఉందో కూడా చదవరు. ఉన్నచోటే చించి పారేసి, నెత్తిన నీళ్ళు పోసుకుని బయలుదేరుతారు. పోతే తెలుస్తుంది కదా ఎవరనేది. నాకు తెలియని ఆచారమా ఇది? మా నాయన పోయినప్పుడు వచ్చిన కార్డు నా చేతులతోనే చించాను. అన్నీ తెలిసి, పిల్లల చేత తొమ్మిది చావు కార్డులు రాయించి డబ్బాలో వేయించాను.

"నిన్న మధ్యాన్నం బువ్వ తినే పొద్దులో వచ్చినాయి. తొమ్మిదీ ఒగటే కట్ట," అన్నాడు వీరేష్. "మా షెడ్డులో చదివేది మీ తేజనే గదా. మొదటిది నాది. వాడు పైకి చూసినాడు, కిందికి చూసినాడు. మొగం పాలిపోయింది. అన్నా, దీంట్లో క్షేమం ల్యాదన్నాడు. అట్లాంటిది చదివేదుండాదా? బయటికి పోయి చించినాము. రెండోదీ అంతే. ఆపాటికి ఆడోళ్ళు ఏడుపు ఎత్తుకున్న్యారు. ఒగ ఇంట్లో పోతే రోగం అనుకుంటాం. తొమ్మిది ఇండ్లలో పోతే ఏమనుకోవాల? ఒగడు వాంతిబేదులన్నాడు. ఒగడు బాంబులన్నాడు. చేసేపని చేసినట్లే ఇడిసి లారీ ఎక్కినాము."

"ఒక్కటన్నా చదివింటే బాగుండునప్పా," అన్నారు శ్రీరంగప్ప సార్ వెనక నుంచి.

"మీ ఇంటికి వస్తే చదువుతారా సార్?"

సార్ తల అడ్డంగా ఊపారు.

బెంచీల్లోంచి వీరేష్ కూతురు సుష్మ లేచి నిలబడింది. ఆరో తరగతి పిల్ల. "నాయనా, నేను చావు రాయలే," అంది.

"మల్ల ఏం రాసినావు?"

"అవ్వ ఇప్పుడు కండ్లద్దాలు పెట్టుకోని సూదిలో దారం తనే ఎక్కిస్తాంది."

వీరేష్ నోరు తెరుచుకుని చూశాడు. "ఇంగోసారి చెప్పు," అన్నాడు. పిల్ల ఇంకోసారి చెప్పింది. అతను గుమ్మంలోనే గొంతు కూర్చున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకైతే తెలియలేదు.

అది చూసి మిగతా పిల్లలు కూడా లేచారు. ఒకడు తమ మేక రెండు పిల్లల్ని పెట్టిందని, ఒకటి నల్లదని చెప్పాడు. "నల్లదా? మీ నాయన ఎర్రది కావాలన్న్యాడే," అంది వరండాలోంచి, లారీ దిగొచ్చిన వాళ్ళమ్మ. అందరూ నవ్వారు. ఇంకో పిల్ల తమ బోరులో నీళ్ళకు బదులు గాలి వస్తోందని చెప్పింది. ఆ మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఏ వాక్యానికీ వంక పెట్టడానికి లేదు. వేరే రోజైతే నేను గాల్లో తేలేదాన్ని.

చివరికి నా కూతురు రేఖ లేచింది. నా వైపు చూడకుండా చెప్పింది. "అన్నా, బెంగళూరులో వాన అని రేడియో చెప్తే ఇక్కడ అమ్మ తుమ్ముతాంది."

ఈసారి సార్ కూడా నవ్వారు. వీరేష్ నవ్వలేదు. మెల్లగా లేచి నా దగ్గరికి వచ్చాడు.

"మూడో కార్డు అదేనక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "అది చదివింటే సరిపోయేది. రేఖ రాత చూసినాడు వాడు. రేఖ రాసిందంటే రేఖ బతికుండాది. మీ ఇంట్లో ఇంగ ఉండేదెవరు?"

"నేను."

"అదే. నువ్వు సచ్చినావనుకున్న్యాడు."

నా కొడుకు చావును నేను ఇరవై రకాలుగా ఊహించుకున్నాను. కరెంటు తీగ, పరంజి మీద నుంచి పడడం, లారీ, కలరా. నా చావును వాడు మోయాల్సి వస్తుందని ఒక్కనాడూ అనుకోలేదు.

"లారీలో అందరం ఏడుస్తాంటే వాడు ఏడ్చలే. అనంతపురం దాటినాక ఒగ మాటన్న్యాడు. మా అమ్మకు రోగం ల్యాదన్నా, రంగన్న మాట మాత్రం ఉండాదన్న్యాడు. పామిడిలో దిగిపోయినాడు. ఇంటికి రారా అంటే, నాకు పని ఉండాది, మీరు పోండి అన్న్యాడు. రాళ్ళు కొట్టే సుత్తి ఉండాది వాని సంచిలో."



రంగన్న మా ఊరి పాత సర్పంచి. పామిడిలో శెనక్కాయల మిల్లు ఉంది. పోయిన ఏడాది ఈ వాలంటీరు ఉద్యోగం తన కోడలికి రావాలని పట్టుబట్టాడు. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది. కానీ కాపురం పామిడిలో. ఊళ్ళో ఉండేవాళ్ళకే ఇవ్వాలని బడి మీటింగులో పిల్లల తల్లిదండ్రులు చేతులెత్తితే నాకు వచ్చింది. ఆరోజు బడి ముందర అందరూ వింటుండగా, "ఈ ఊళ్ళో ఎన్నాళ్ళు బతుకుతావో చూస్తా కదిరమ్మా," అన్నాడు. తేజ నా పక్కనే ఉన్నాడు. పిడికిళ్ళు బిగించాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను.

"టైమెంత సార్?" అని అడిగాను.

"పదికి ఇరవై నిమిషాలు తక్కువ."

పామిడి బస్సు పన్నెండింటికి. లారీ వెళ్ళిపోయింది. సార్ తన మోపెడ్ తాళం తీసి వీరేష్ చేతిలో పెట్టారు. "తోలేది వచ్చు గదా?" "వచ్చు సార్." వీరేష్ పరుగెత్తాడు. కానీ ఆ కంకర దారిలో ఎంత తోలినా ముప్పావు గంట పడుతుంది. రంగన్న రోజూ పదింటికి మిల్లులో ఉంటాడని ఊరందరికీ తెలుసు. తేజకు కూడా తెలుసు.

ఇంత ఊరికి ఒక్కటే ఫోను. అది రంగన్న ఇంట్లో ఉంది.

రేఖను సార్ దగ్గర వదిలి బయలుదేరాను. నడుస్తున్నానో పరుగెత్తుతున్నానో తెలియదు. ఏం చెప్పాలి? నా కొడుకు సుత్తి పట్టుకుని వస్తున్నాడని చెబితే, మిల్లులో పదిమంది హమాలీలు ఉంటారు, వాణ్ణి బతకనివ్వరు. చెప్పకపోతే వాడు రంగన్నను బతకనివ్వడు, ఆ తర్వాత జైలో, రంగన్న మనుషులో. ఎవరు, ఎవరిని, ఏం చేశారు. ఆ చీటీల కింద మాటలు ఎటు మార్చి తగిలించినా నా కొడుకే పోతున్నాడు.

రంగన్న భార్య రామసుబ్బమ్మ వరండాలో కందిపప్పు చెరుగుతోంది. నన్ను చూసి చాట ఆపలేదు.

"ఏమ్మే కదిరమ్మా, ఊరంతా ఏడుపులు. నీ సదువు సలవేనంట గదా."

"అవునక్కా. ఫోను కావాల."

"ఎవరికి?"

"మీ మిల్లుకు."

చాట ఆగింది. "మా మిల్లులో నీకేం పని?"

"మా తేజ ఆడికి పోయినాడు. నేను సచ్చినాననుకుంటాండాడు. బతికే ఉండానని నా నోటితో వాని చెవిన పడాల."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "అమ్మ సచ్చిందనుకునే కొడుకు ఇంటికి రావాల. మా మిల్లు కాడ ఏం పని వానికి?"

పిల్లలు వాక్యంలో ఒక మాట వదిలేస్తే నేను ఖాళీ చీటీ తట్టి చూపిస్తాను. ఈమెకు చీటీ కూడా అవసరం లేకపోయింది. పోయిన ఏడాది రంగన్న అన్న మాట ఈమెకు తెలుసు. తెలియనట్టు చూస్తోంది. ఏదో అబద్ధం కట్టడానికి నాకు టైము లేదు.

"రంగన్న నన్ను సంపించినాడని అనుకుంటాండాడు అక్కా. సంచిలో సుత్తి ఉండాది."

అరుస్తుందనుకున్నాను. పనివాళ్ళను పిలుస్తుందనుకున్నాను. ఆమె చాట పక్కన పెట్టి, చేతులకంటిన పొట్టు దులుపుకుంది.

"మా ఆయప్ప ఆరోజు ఆ మాట అనొచ్చినాక ఇంటికాడ చెప్తి నేను. నీ నోరు ఒగనాడు మన గడప మీదికే వస్తాదని," అంది. "ఇంగ నేను ఫోన్లో చెప్తే నీ కొడుకు కాళ్ళు చేతులు ఇరిసేస్తారు, తెలుసు గదా?"

"తెలుసక్కా."

"తెలిసీ చెప్పినావు."

"చెప్పకుంటే నువ్వు ఫోను పెట్టె తాళం తీయవు."

"తీయను," అంది ఆమె. లేచి లోపలికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను.

ఫోను చెక్క పెట్టెలో ఉంది, దానికి తాళం. చెంగుకు కట్టిన గుత్తిలోంచి తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, నంబరు ఆమే తిప్పింది. రిసీవరు నాకివ్వలేదు. గోడ గడియారం పదికి మూడు నిమిషాలు చూపిస్తోంది. మొదటిసారి కలవలేదు. మళ్ళీ తిప్పింది.

"బయ్యన్నా, నేను. ఆయప్ప వచ్చినాడా?" విని నాకు చెప్పింది. "మాట్లాడేది గుమాస్తా. ఆయప్ప ఇప్పుడే వచ్చి లోపలికి పోయినాడంట." మళ్ళీ ఫోనులోకి, "గేటు కాడికి ఎవరన్నా పిల్లోడు వచ్చినాడా? సంచి పట్టుకోని?"

చాలాసేపు విన్నది. ఆమె ముఖంలో ఏమీ తెలియడం లేదు. నేను ఆమె పెదవుల వంకే చూస్తున్నాను. ఇప్పుడు ఆమె చెప్పే ఒక్క మాట మీద ఉంది నా కొడుకు ప్రాణం. ఆమె ఆ మాట ఎలా కట్టినా తప్పు పట్టడానికి నాకు హక్కు లేదు. ఆమె మొగుడు కూడా ఆ మాటలోనే ఉన్నాడు.

"బయ్యన్నా, చెప్పేది ఇను," అంది. "హమాలీలను కదిలించొద్దు. ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఫోను ఆడే పెట్టి, నువ్వొక్కనివే ఆయప్ప రూములోకి పో. ఆ పిల్లోనితో, మీ అమ్మ బతికుండాది, ఫోన్లో ఉండాది అని చెప్పు. పో."

రిసీవరు నా చేతిలో పెట్టింది. "రెండు గంటలసేపు గేటు కాడ కూచోనుండెనంట. ఆయప్ప వెనకాలే లోపలికి పోయినాడంట," అంది.

చెవికి ఆనించుకున్నాను. మిల్లు మిషను మోత. బయ్యన్న చెప్పుల చప్పుడు దూరంగా పోయింది. "తేజా, తేజా," అంటూనే ఉన్నాను. ఆ మోతలో వాడికి వినబడదని తెలుసు. అయినా అంటూనే ఉన్నాను.

ఉన్నట్టుండి మిషను ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఎక్కడో ఒక తలుపు కొట్టుకుంది. ఎవరో పరుగెత్తారు. తర్వాత అడుగులు, మెల్లగా, ఫోను వైపే వచ్చాయి. ఎవరో రిసీవరు ఎత్తారు. ఊపిరి వినిపిస్తోంది.

"తేజా, నేనురా నాయనా. అమ్మను. బతికే ఉండాను."

మగమనిషి ఏడుపు. నోరు నొక్కుకుని, ఆపుకోలేక, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నా కొడుకు ఏడుపు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అది వాడిది కాదు.

నా ముఖం చూసి రామసుబ్బమ్మ రిసీవరు లాక్కుంది. విన్నది. ఆమె చెయ్యి పెట్టె అంచును పట్టుకుంది.

"ఆయప్పే," అంది. "పెండ్లయి ఇరవై ఆరేండ్లాయె. ఆయప్ప ఏడ్చేది ఈ పొద్దే ఇంటాండా."

రిసీవరు మళ్ళీ నాకిచ్చింది. నేను తీసుకోలేదు. ఏడుస్తున్నాడంటే రంగన్న బతికే ఉన్నాడు. ఆ గదిలోకి ఇద్దరు వెళ్ళారు, రెండోవాడు నా తేజ. మిగతాది వచ్చే వారం.